కంప్యూటర్‌కు వైరస్ పడితే ముందుగాల ఫార్మాట్ కొట్టకండి



మొన్న ఆదివారం బాలాపూర్‌లో మేము అద్దెకుంటున్న గదిలో పదిహేను మందిమి కూర్చున్నం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలు, ఊరి నుంచి పోడు ఫైళ్ళ పని మీద వచ్చిన ఇద్దరు అన్నలు. అక్కడ నేను చెప్పిన మాటలే ఇవి. రాలేనోళ్ళు పేజీలో పెట్టమన్నరు. చాలావరకు మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచిన. మీ ఇంట్లో కంప్యూటర్ ఉన్నా, ఊరి కాగితాలు మీ ఫోన్‌లో ఉన్నా ఇది మీరు చదవాల్సిన ముచ్చటే.

బాలాపూర్ అంటే పట్నం వాళ్ళకు వినాయకుడి లడ్డూ వేలం గుర్తొస్తది. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట ఇప్పుడు లక్షలకు చేరింది. నాకు మాత్రం బాలాపూర్ అంటే ఇంకో పాట గుర్తొస్తది. 2023 ఆగస్టులో, లడ్డూ వేలానికి నెలన్నర ముందు, ఎవడో ముఖం తెలియనోడు మా ఊరి కాగితాలు నాకే అమ్మకానికి పెట్టిండు. ధర 980 డాలర్లు. మూడు రోజుల్లో కొంటే సగం తగ్గింపు.

మా ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. గదిలో ఒక మూల, పాత బల్ల, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, స్కానర్ ఉన్న ప్రింటర్. పొద్దున పూట కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, పెండ్లి కార్డులు టైపు చేసి అద్దె కడతా. రాత్రి పూట ఊరి పని. ఆ యేడు జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతా లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని సర్కారు లెక్క. మా ఊరిలో మాత్రం 41 కుటుంబాల దరఖాస్తులు డివిజన్ కమిటీ దగ్గరనే తిరస్కరించిన్రు. అటవీ హక్కుల చట్టం ప్రకారం దాని మీద జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, 60 రోజుల్లో. ఆ అప్పీళ్ళన్నీ ఆ కంప్యూటర్లోనే తయారవుతున్నయి. వైరస్ పడిన రోజుకు గడువు 24 రోజులు మిగిలింది.

ఎట్ల పడింది? దాచేదేం లేదు, నా చేతులతోనే పడింది. తెలుగు డీటీపీ చేసేటోళ్ళకు తెలుసు, మన పనంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్. కొనాలంటే డబ్బు కావాలె, అందరం క్రాక్ చేసిందే వాడతం, అందరూ వాడుతున్నరు గనక తప్పు అనిపించది. పాతది పని చేయడం ఆగిపోయింది. నెట్‌లో వెతికిన. ఒక చోట దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయాలె అని అక్కడ రాసి ఉంది. ఆపేసిన. కాపలా కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టు. అట్ల ఆపమని ఎవడన్నా అడిగితే వాడు దొంగే అని ఇయ్యాల నాకు తెలుసు, ఆ రాత్రి పెండ్లి కార్డు తొందర.

కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతోంది అని ఒక కిటికీ వచ్చింది. అది నిజమైన అప్‌డేట్ కాదు. వెనక వాడు తాళాలు వేసుకుంటూ పోతుంటే మనం కంప్యూటర్ ఆపకుండా ఉండేందుకు పెట్టిన తెర. నేను చాయ్ తాగుతూ కూర్చున్న. ఫ్యాన్ గట్టిగా తిరిగింది, అంతే గుర్తు. తర్వాత చూస్తే ప్రతి ఫైలు పేరు చివర నాలుగు కొత్త ఇంగ్లీషు అక్షరాలు. ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక చీటీ, దాంట్ల బేరం.

ఇంకో మాట. ఆ టైంలో బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా కంప్యూటర్‌కు తగిలించే ఉంది. ఎప్పుడూ తగిలించే ఉంచేటోణ్ణి, తీసి పెట్టడం బద్ధకం. అందులోవి కూడా పోయినయ్. బ్యాకప్ ఉంది కదా అని యేడాది పాటు ధైర్యంగా తిరిగిన నేను, తీగతో కట్టేసి ఉన్నది బ్యాకప్ కాదని ఆ రాత్రి తెలుసుకున్న.

ఇప్పుడు మీకు ఇట్లనే అయిందనుకోండి. ముందుగాల వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకండి. పెన్ డ్రైవ్, డిస్క్ ఏది తగిలి ఉన్నా తీసేయండి. ఫైళ్ళ పేర్లు ఇంకా మారుతూనే ఉన్నయంటే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. చీటీని ఫోన్‌తో ఫొటో తీయండి, అందులో మీకు ఇచ్చిన నంబర్ తర్వాత కావాలె. ఆ చీటీలో ఉన్న మెయిల్‌కు జవాబు ఇయ్యకండి. భయంతో చేతులు ఆడవు, నాకు తెలుసు. నేనైతే ఒక గంట సేపు ఫైళ్ళ పేర్లు వెనక్కి మారుస్తూ కూర్చున్న. పేరు మారిస్తే తాళం ఊడదు.

తెల్లారి కంప్యూటర్ డబ్బా భుజాన పెట్టుకొని ఒక రిపేర్ షాపుకు పోయిన. షాపు పేరు వద్దు, ఎక్కడికి పోయినా అదే మాట అంటరు. “ఫార్మాట్ కొట్టాలె భాయ్, అయిదు వందలు, సాయంత్రం రా.” ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఫార్మాట్ కొడితే కంప్యూటర్ బాగయితది. కానీ కంప్యూటర్ బాగు కావడం వేరు, ఫైళ్ళు దొరకడం వేరు. తాళం వేసిన ఫైలు ఇంకా ఆ డిస్క్‌లో ఉంది. తాళంచెవి ఇయ్యాల దొరకకపోవచ్చు, రేపు దొరకచ్చు. ఫార్మాట్ కొట్టి, దాని మీద కొత్తవి రాస్తే తాళం, పెట్టె రెండూ పోతయ్. అందుకే డిస్క్ విప్పి నా చేతికి ఇయ్యమన్న. ఆయన నన్ను పిచ్చోడిని చూసినట్టు చూసిండు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి చిన్న కొత్త డిస్క్ ఒకటి కొన్న. కంప్యూటర్‌కు కొత్తది వేసుకున్నం, పాతది గుడ్డలో చుట్టి పక్కన పెట్టినం.

తర్వాత, ఇది ఏ జాతి వైరస్ అని కనుక్కోవాలె. పాముకాటుకు మందు ఇయ్యాలంటే ఏ పామో తెలియాలె కదా, అట్ల. దోస్తు లాప్‌టాప్ మీద కూర్చొని నో మోర్ ర్యాన్సమ్ అనే సైటు తెరిచినం. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి మొదలుపెట్టింది, ఉచితం. తాళం పడ్డ ఫైలు ఒకటి, ఆ చీటీ ఇస్తే పేరు చెప్పింది. స్టాప్, దానికే డీజేవూ అని ఇంకో పేరు. ఇండ్లల్లో వాడుకునే కంప్యూటర్లకు ఎక్కువగా పట్టే రకం, క్రాక్ సాఫ్ట్‌వేర్లలోనే ఎక్కువగా వస్తది. పెద్ద కంపెనీలను కొట్టే రకాలు వేరు. ఇది మనలాంటోళ్ళను ఏరుకుంటది.

దీనికి ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ 2019 అక్టోబర్‌లో ఉచిత విడుదల సాధనం ఇచ్చింది. కానీ ఒక మెలిక. ఆ వైరస్ తన సర్వర్‌తో మాట్లాడగలిగితే ప్రతి మనిషికీ వేరే తాళంచెవి వాడుతది. మాట్లాడలేకపోతే, అంటే ఆ టైంలో నెట్ లేకపోతే, తనలోనే పెట్టుకున్న ఒకే తాళంచెవి అందరికీ వాడుతది. ఆ ఉమ్మడి తాళంచెవి ఎప్పుడో ఒకప్పుడు బయటపడే అవకాశం ఉంటది. చీటీలో మీకిచ్చిన నంబర్ చివర టీ1 అని ఉంటే ఉమ్మడి తాళం. 2019 ఆగస్టు కంటే ముందు రకాలైతే చాలావాటికి విరుగుడు ఉంది. మా నంబర్ చివర టీ1 లేదు. వైఫై నడుస్తుండె కదా. సాధనం నడిపిస్తే ఒక్కో ఫైలు దగ్గర కుదరదు, కుదరదు అని వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

పైసలు కడదామన్నోళ్ళు ఉన్నరు. 490 డాలర్లంటే అప్పటి లెక్కన 40 వేల పైచిలుకు. ఊళ్ళో చెబితే ఇంటికి వెయ్యి వేసుకునేటోళ్ళే, అదే నాకు భయమైంది. తునికాకు కోసి, మేస్త్రీ వెనక కూలికి పోయి తెచ్చిన వెయ్యి రూపాయలు ఎవడో దొంగకు కడితే, వాడు తాళంచెవి ఇస్తడన్న పూచీ ఎవరిది? ఇచ్చినా రేపు ఇంకొకడి మీదికి పోయేందుకు ఆ డబ్బే వానికి పెట్టుబడి. కట్టలేదు. ఫైళ్ళు తీసిస్తం అని యూట్యూబ్‌లో వీడియోలు పెట్టి ప్రోగ్రామ్‌లు దించుకోమనేటోళ్ళను కూడా నమ్మకండి. వాటిలో కొన్ని మళ్ళీ వైరస్‌లే. దెబ్బ మీద ఇంకో దెబ్బ తినేది ఇక్కడనే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, నాకూ మూడో రోజుకు గానీ తెలియలేదు. ఈ రకం వైరస్ ఒంటరిగా రాదు. వెంట పాస్‌వర్డ్‌లు ఎత్తుకపోయే ఇంకో దొంగను తెస్తది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న ఖాతాలు అన్నీ. తాళాలు పడ్డ ఫైళ్ళు చూసి ఏడుస్తూ మనం కూర్చుంటం, వాడు మన మెయిల్‌లో తిరుగుతుంటడు. నేను ఈ పేజీకి అడ్మిన్‌లలో ఒకణ్ణి. మీరు నమ్మి చదివే పేజీలో ఎవడో మన పేరు మీద ఏదో ఒకటి పెడితే ఏమయ్యేది? వెంటనే వేరే ఫోన్ నుంచి, గుర్తుంచుకోండి వేరే ఫోన్ నుంచి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చిన, అన్ని చోట్ల నుంచి లాగౌట్ నొక్కిన, ఫోన్‌కు ఓటీపీ వస్తేనే తెరుచుకునేటట్టు పెట్టిన. మెయిల్ ముందు, తర్వాత బ్యాంకు, తర్వాత ఫేస్‌బుక్. మెయిల్ చేతిలో ఉంటే మిగిలినవన్నీ మళ్ళీ తెచ్చుకోవచ్చు గనక ఆ వరుస.

అసలు కష్టం దాని తర్వాత వచ్చింది. ఆ కంప్యూటర్లో 41 కుటుంబాల ఆధార్ కాపీలు ఉన్నయి. అవి పోయినయో లేదో తేల్చి చెప్పే దారి లేదు. చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది, నిజం చెబుతున్న. కానీ భూమి కాగితాల మీద మనకు ఏం జరిగినా చెప్పకుండా దాచేటోళ్ళ మీదనే కదా మన పంచాయితీ అంతా. ఊరికి పోయి గ్రామసభలో నిలబడి చెప్పిన. తిట్టిన్రు. ఒక పెద్దమ్మ అయితే “మా వేలిముద్రలు పట్నంలో పారబోసి వచ్చినవా” అన్నది. వేలిముద్రలు పోలేదని, నంబర్లు ఉన్న కాగితం పోయి ఉండచ్చని వివరించడానికి సాయంత్రం దాకా పట్టింది. ఫోన్లున్న ఇండ్లల్లో కూర్చొని ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఒక్కొక్కరికి పెట్టినం. లాక్ ఉంటే వేలిముద్రతో మన ఖాతా నుంచి పైసలు తీయడం కుదరదు. మళ్ళీ రేషన్‌కో పింఛన్‌కో వేలు పెట్టాలంటే లాక్ తీయాలె, ఆ తిప్పలు ఉంది. డబ్బు పోయిన వాళ్ళు వెంటనే చేయాల్సిన నంబర్ 1930 అని గోడ మీద రాసినం. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టిన, రసీదు నంబర్ తీసుకున్న. ఫైళ్ళు తెచ్చి పెడతరని కాదు. రేపు ఎవరి ఆధార్ మీదనైనా ఏదైనా జరిగితే ఫలానా తారీఖున చెప్పినం అనే ఆధారం ఉండాలె.

సిగ్గుపడ్డ మాట నిజమే గానీ, మనకే అయితదా ఇది? 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా పట్టింది. 2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు సంస్థల సైట్లు ఇట్లాంటి దాడితోనే ఆగిపోయినయ్. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద పడితే అంత పెద్ద ఆస్పత్రిలో రెండు వారాల దాకా కాగితం మీద చేతితో రాసి నడిపించిన్రు. ఎయిమ్స్ సంగతి చదివిన తర్వాతనే నాకు కాగితం గుర్తొచ్చింది.

సరే, ఏమేం తిరిగి వచ్చినయ్, ఎట్ల వచ్చినయ్?

కొత్త డిస్క్‌లో విండోస్ వేసుకోవడం పెద్ద పని కాదు. దోస్తు లాప్‌టాప్ మీద మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించి, 8 జీబీ పెన్ డ్రైవ్‌లో పెట్టుకొని, రెండు గంటల్లో అయిపోయింది. పాత డిస్క్‌ను మాత్రం నేరుగా దీనికి తగిలించలేదు. ముందు దోస్తు లాప్‌టాప్‌ను పెన్ డ్రైవ్ మీది లినక్స్‌తో నడిపి, అక్కడ తాళాలు పడ్డ ఫైళ్ళను మాత్రం వేరే డిస్క్‌కు కాపీ చేసినం, ప్రోగ్రామ్‌లు ఏవీ ముట్టుకోలేదు. ఏ ప్రయోగం చేసినా ఆ కాపీ మీదనే.

ఈ వైరస్‌కు ఒక తొందర ఉంది. వేల ఫైళ్ళకు త్వరగా తాళాలు వేయాలె గనక ఫైలు మొత్తం ముట్టుకోదు, మొదటి 150 కేబీ దాకా మాత్రమే చెడగొడుతది. చిన్న ఫైలైతే అంతా పోయినట్టే. మన టైపు చేసిన అప్పీళ్ళు, స్కాన్ చేసిన పేజీలు అట్లనే పోయినయ్. పెద్ద ఫైలైతే తల తెగుతది, మొండెం ఉంటది. జిప్ చేసి పెట్టిన కట్టలలో మొదటి ఒకటి రెండు ఫైళ్ళు పోయి మిగిలినవి బయటికి వచ్చినయ్. పాత జిప్‌లో 2021 సర్వే నాటి జీపీఎస్ కొలతలు దొరికినయ్. పాటలు, రికార్డింగ్‌ల కోసం డిస్క్‌ట్యూనా వాళ్ళ మీడియా రిపేర్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఎంపీ3లు దాదాపు అన్నీ లేచినయ్, ఒక్కో దాంట్లో మొదటి పది సెకన్లు తప్ప. వీడియోలకు అదే ఫోన్‌తో తీసిన బాగున్న వీడియో ఒకటి నమూనాగా ఇయ్యాలె. కొన్ని వచ్చినయ్, కొన్ని రాలేదు.

మిగిలిందంతా మనుషుల దగ్గర దొరికింది. జీమెయిల్‌లో పంపినవి వెతికితే తిరస్కరణ ఉత్తర్వులు ఎనిమిది. వాట్సాప్ గ్రూపులో పైకి జరుపుకుంటూ పోతే ఫొటోలు చాలా ఉన్నయ్ గానీ వాట్సాప్ ఫొటోను పిండి పంపుతది, సర్వే నంబర్లు అలుక్కుపోయినయ్. డాక్యుమెంట్‌గా పంపినవి మాత్రం శుభ్రంగా ఉన్నయ్. ఇక మీదట ఊరి కాగితం ఏది పంపినా డాక్యుమెంట్‌గానే పంపండి. గ్రామసభ తీర్మానాల రిజిస్టర్ ఊరిలోనే ఉంది. ఇక ట్రంకు పెట్టెలు. ఇంటింటికీ పోతే బట్టల కింద ప్లాస్టిక్ సంచిలో దరఖాస్తు ఇచ్చిన రసీదులు, పాత జరిమానా కాగితాలు, ఒకరింట్లో తాత కట్టిన శిస్తు రసీదు. నేను ఇవన్నీ స్కాన్ చేసినం కదా, ఇక భద్రం అనుకున్న. భద్రంగా ఉంచింది ట్రంకు పెట్టె. 41లో 36 ఇండ్ల కాగితాలు నాలుగు రోజుల్లో ఫోన్‌తో మళ్ళీ స్కాన్ అయినయ్. మిగతా అయిదింటికి నకళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినం.

అప్పీళ్ళు మళ్ళీ టైపు చేయాలె. ఈసారి అను లేదు, పేజ్‌మేకర్ లేదు. లిబ్రెఆఫీస్ ఉచితం, దానిలో యూనికోడ్ తెలుగు. సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చిన మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు కూడా ఉచితమే. చేతులకు కీబోర్డు అలవాటు కావడానికి వారం పట్టింది, మొదట్లో ఒత్తులు ఎక్కడ ఉన్నాయో దొరక్క కోపం వచ్చేది. ఒక లాభం ఏంటంటే యూనికోడ్‌లో టైపు చేసింది ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటది. అను ఫాంట్‌లో చేసింది మా ఊరి ఫోన్లలో పిచ్చి గీతల్లాగా కనపడేది, అందుకే ఇన్నాళ్ళు ఎవరూ దాచుకోలేదు. ముగ్గురం వంతులు వేసుకొని రాత్రింబగళ్ళు కొట్టినం. గడువుకు మూడు రోజుల ముందు 41 అప్పీళ్ళు ఇచ్చి ముద్ర వేయించుకున్నం. విచారణ ఇంకా నడుస్తనే ఉంది.

ఒక్క సంగతి మిగిలింది. మా తాత వరసయ్యే పెద్దమనిషి ఒకాయన, అడవిలో ఏ చేను ఎవరిది, ఎప్పుడు కొట్టింది, ఏ యేడు ఫారెస్టు వాళ్ళు గుడిసెలు తీసేసిన్రు అన్నీ చెప్పగలిగే మనిషి. 2021లో ఆయన మాటలు ఫోన్‌లో రికార్డు చేసినం, నలభై నిమిషాలు, కోయ భాషలో. చట్టం కింద పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, రాసి పెట్టాలె. రాసే లోపలే 2022లో ఆయన పోయిండు. ఆ ఎంపీ3 రిపేర్ చేస్తే వచ్చింది. కానీ మొదటి పది సెకన్లు లేవు. ఆ పది సెకన్లలో ఆయన తన పేరు, ఇంటిపేరు, ఏ గట్టువాడో, ఊరు చెప్పుకున్నడు. మనోళ్ళు మాట మొదలుపెట్టేదే అట్ల. ఇప్పుడు రికార్డింగ్ చెరువు కట్ట దగ్గర మాట మధ్యలో మొదలైతది, ఎవరు చెబుతున్నరో తెలియదు.

ఊరికి తీసుకపోయి ఆయన ఇంట్లో వినిపించిన. అవ్వ రెండు సార్లు విన్నది. “పేరు ఎందుకు చెప్తలేడు?” అని అడిగింది. వైరస్ సంగతి ఎట్ల చెప్పాల్నో తెలియక, మొదలు చెడిపోయింది అవ్వా అన్న. ఆమె ఫోన్ దగ్గరికి వంగి ఆయన పేరు, ఇంటిపేరు, గట్టు, ఊరు చెప్పింది, ఆ గొంతు మా ఆయనదే అన్నది. ఇంకో ఇద్దరు పెద్దలు కూడా అదే చెప్పిన్రు. వాళ్ళ మాటలు వేరే ఫైలుగా రికార్డు చేసినం, పాతదానికి అతికించలేదు, ఎందుకంటే సాక్ష్యాన్ని మనమే ముట్టుకున్నం అనే మాట రాకూడదు. మొత్తం కోయలో విని తెలుగులో కాగితం మీద రాసి వేలిముద్రలు తీసుకున్నం.

ఇప్పుడు మా దగ్గర రెండు బ్యాకప్ డిస్కులు ఉన్నయ్. ఒకటి ఎల్బీనగర్‌లో ఒక తమ్ముడి దగ్గర, ఒకటి ఊరిలో ట్రంకు పెట్టెలో. ఎవరు వస్తుంటే వాళ్ళ చేత మార్చుకుంటం. కాపీ చేసిన వెంటనే తీగ పీకేస్తం. ఒకటి గూగుల్ డ్రైవ్‌లో కూడా పెడుతున్నం, ఆధార్ కాపీలు తప్ప. ఆధార్ కాపీలు ఇక కంప్యూటర్లో ఉంచుకోం, పని అయిన రోజే తీసేస్తం. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు తెరిచి చూస్తం, తెరుచుకుంటుందా లేదా అని. విండోస్‌లోనే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటి ఉంటది, మామూలుగా ఆపి ఉంటది, దాన్ని ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్ మన ఫోల్డర్లో చెయ్యి పెట్టనియ్యది. రోజూ వాడే ఖాతాకు అడ్మిన్ అధికారం తీసేసిన. పెండ్లి కార్డులకు అను కావాలని గిరాకీ అడిగితే వేరే షాపు చూపిస్తున్న, నెలకు కొంత నష్టమే.

తాళాలు పడ్డ పాత డిస్క్ ఇంకా అల్మారాలో ఉంది, మీద తారీఖు రాసి. ఆర్నెల్లకోసారి ఆ సాధనం కొత్తది వచ్చిందా అని చూస్తుంట. ఇప్పటికైతే కుదరదు అనే అంటున్నది.

వచ్చే ఆదివారం మళ్ళీ ఇక్కడే కూర్చుంటం. మీ ఊరి ఫైళ్ళు ఎక్కడెక్కడ ఉన్నయో ఒక కాగితం మీద రాసుకొని రండి. లాప్‌టాప్ ఉన్నోళ్ళు ఛార్జర్ తెచ్చుకోండి, గదిలో ప్లగ్గులు రెండే ఉన్నయ్. ఖాళీ పెన్ డ్రైవ్ ఉంటే అది కూడా.

జోహార్.